వెల్ల వేసిన పొయ్యి

నాకు రాయడం వచ్చింది నా పేరు ఒక్కటే. అది కూడా పెళ్లయిన కొత్తలో మా ఆయన పలకా బలపం ముందు పెట్టి నేర్పించింది. మిగతాదంతా నోటితో చెబుతాను, నా బిడ్డ రాస్తుంది. తను బడిలో పంతులమ్మ. నా మాటలను సాపు చేసి రాస్తానంది. చేసుకోనీ. వంటర్రను మాత్రం వంటగది అని రాయొద్దన్నాను. గది అంటే కిటికీ ఉంటుంది. ఆ అర్రలో నేను పద్దెనిమిదేళ్లు ఉన్నాను, దాన్ని ఏమనాలో నాకు తెలుసు.

ఆ ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ముందు రెండు గదుల్లో భోజనాల మెస్సు, మధ్యలో బండలు పరిచిన వాకిలి, వాకిలి చివర వంటర్ర. ఒక గోడకు అవతల అచ్చాఫీసు, ఇంకో గోడకు అవతల కట్టెల అడితి, మూడో వైపు మిద్దె మెట్లు, నాలుగో వైపు తలుపు. పైన గచ్చు కప్పు. పొగ బయటికి పోవాలంటే ఆ తలుపులోంచే పోవాలి, నేను లోపలికి రావాలన్నా ఆ తలుపులోంచే రావాలి. పొగా నేనూ ఒకరినొకరం రాసుకుంటూ తిరిగేవాళ్లం. నా గొంతు ఇట్లా బొంగురుపోయింది అక్కడే. పెళ్లినాటికి నేను పాటలు పాడేదాన్ని అంటే నా బిడ్డ ఇప్పటికీ నమ్మదు.

రాష్ట్రం ఒకటైన ఏడే నా పెళ్లి. ఆ ఏడే ఆఫీసులతో పాటు కోస్తా గుమాస్తాలు కూడా హైదరాబాదులో రైలు దిగారు. పెళ్లాం పిల్లలను ఊళ్లో వదిలి వచ్చిన వాళ్లకు అన్నం పెట్టేవాళ్లు కావాలి. మా బావగారు మెస్సు పెట్టారు. మా ఆయన స్టేషన్లో పార్సిళ్ల దగ్గర పనిచేసేవాడు. పెళ్లయిన అయిదో ఏడు విషజ్వరం వచ్చి పోయాడు. అప్పటికి బిడ్డకు మూడేళ్లు. కర్మలు కాగానే మా యారాలు, అంటే బావగారి భార్య, పాత వంటమనిషిని మానిపించింది. నన్ను వంట చేయమని ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి బియ్యం చాట నా ముందు ఉంది. అంతే. పడక కూడా ఆ అర్రలోనే, పొయ్యికి నాలుగు మూరల దూరంలో. బిడ్డను పక్కలో వేసుకుని పడుకునేదాన్ని.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్యతో బావ ఎదురుపడి మాట్లాడడు, ఆమె కూడా ఆయన ముందు నోరు విప్పదు. మా ఆయన ఉన్నప్పుడు ఆయన చేత చెప్పించేవారు. ఆయన పోయాక నా బిడ్డ చేత చెప్పించడం మొదలుపెట్టారు. నేను అక్కడే, చేతికందే దూరంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంటాను. బావగారు గడప అవతల నిలబడి, గోడ వైపు చూస్తూ, "బిడ్డా, రేపు ఇద్దరెక్కువ వస్తున్నరని మీ అమ్మకు జెప్పు" అంటారు. బిడ్డ నా వైపు తిరిగి, "అమ్మా, రేపు ఇద్దరెక్కువ వస్తున్నరంట" అంటుంది. విన్నానని బావగారికి తెలుసు, తెలుసునని నాకూ తెలుసు. అయినా దాని నోటి నుంచి వచ్చేదాకా ఆయన కదిలేవారు కాదు. మూడేళ్ల పిల్లప్పటి నుంచి అది మా ఇద్దరి మధ్య మాటలు మోసింది.

దానికి ఆరో ఏడు వచ్చేసరికి మాట కంటే ముందు దగ్గు వచ్చేది. రాత్రయితే రొమ్ములో పిల్లికూతలు. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ బిడ్డ వీపుకు గొట్టం ఆనించి విన్నది. తరువాత నా చీర కొంగు వాసన చూసింది. మందు రాసే ముందు ఒక్క మాటే అడిగింది.

"ఈ పిల్ల ఎక్కడ పడుకుంటుందమ్మా?"

చెప్పాను.

"పొగలోంచి తియ్యి. మందు ఇస్తాను కానీ మందుతో ఏమీ కాదు. పొగలోంచి తియ్యి."

ఎక్కడికి తియ్యను? ముందు గదుల్లో మెస్సు. మేడ మీద బావగారు, యారాలు, వాళ్ల పిల్లలు. మా అమ్మగారి ఇంట్లో అప్పటికే నాకు తలుపు మూసేశారు. బిడ్డ నా దగ్గర ఉండాలంటే పొగ పోవాలి, పొగ పోకపోతే బిడ్డ పోవాలి. డాక్టరమ్మ ఇంత విడమరిచి చెప్పలేదు. దవాఖాన నుంచి నాంపల్లి దాకా నడిచి వస్తుంటే నాకే అర్థమైంది.

బతుకమ్మ పండుగ ముందు సర్కారు తరఫున ఒకామె సందులోకి వచ్చింది. తెల్ల ఖాదీ చీర, భుజానికి గోనె సంచి. ఇల్లిల్లూ తిరిగి వంటలు ఎక్కడ చేస్తున్నారో చూసింది. మా వంటర్రలోకి వచ్చి రెండు నిమిషాలు నిలబడలేక వాకిట్లోకి పరుగెత్తింది. కళ్లు తుడుచుకుంటూ మా యారాలికి చెప్పింది.

"అమ్మా, ఇది సర్కారు స్కీము. పొగలేని పొయ్యి. ముందుగాల బస్తీకి ఒక్కటి కడ్తం. అందరికంటె ఎక్కువ వంట అయ్యే ఇంట్ల. అది మంచిగ నడుస్తున్నదని సారు రాసిస్తె, మీ సందుల మిగతా పదకొండు ఇండ్లకు పైసలు మంజూరైతయి. సగం కట్టెలు మిగుల్తయి. అడవులు మిగుల్తయి."

"అడవుల సంగతి మాకెందుకమ్మా? మేము అడితిల కొనుక్కుంటం గద!" అంది మా యారాలు.

బావగారు మాత్రం సగం కట్టెలు అన్న మాట దగ్గర ఆగిపోయారు. పొగగొట్టం కోసం కప్పుకు బొక్క కొట్టాలంటే ముఖం చిట్లించారు. ఆఖరికి సంతకం పెట్టి, గోడ వైపు తిరిగి, "బిడ్డా, వానకు కారితె బాధ్యత వాళ్లదేనని ఆమెకు జెప్పు" అన్నారు. ఖాదీ చీర ఆమె ఎదురుగానే ఉంది. అలవాటు అట్లా అయిపోయింది.

వెళ్లేముందు ఆమె నా బిడ్డ దగ్గు విన్నది. నన్ను పక్కకు పిలిచింది. "ఆబిడ్స్ దగ్గర ఆడపిల్లల హాస్టల్ ఉన్నది. తండ్రి లేని పిల్లలకు సీటిస్తరు. జూన్‌ల ఒకటి ఇప్పిస్త" అంది.

"పొయ్యి వస్తున్నది గద అక్కా. అప్పుడు పంపే పనేముంది?" అన్నాను.

"వస్తె మంచిదే" అంది.

దీపావళి వెళ్లాక మేస్త్రి వచ్చాడు. రెండు రోజుల్లో కట్టాడు. మట్టి, ఊక కలిపి పిసికి, మోకాలెత్తు దిమ్మె. దాని మీద వరసగా మూడు బొక్కలు, అన్నానికి, పప్పుకు, చారుకు. చివర మట్టి గొట్టం గోడ వెంబడి పైకి పోయి కప్పులోంచి బయటపడింది. గొట్టం అడుగున ఒక ఇటుకను సున్నం పెట్టకుండా వదులుగా ఉంచాడు.

"ఇగో అమ్మా, నెలకోసారి గీ ఇటుక గుంజి మసి తోడెయ్యాలె. మూడు బొక్కల మీద మూడు గిన్నెలుండాలె, ఒక్కటి ఖాళీగున్నా పొగ ఎన్కకు తిరుగుతది. రేపటి సంది సన్నమంట పెట్టి ఆరనియ్యి. అందం చెయ్యకు, మంట పెట్టు."

అందం చెయ్యకు అన్నాడు. ఇది దాచను, మొదటి తప్పు నాదే. మర్నాడు తెల్లవారుతూనే లేచి ఆ పొయ్యిని ఎర్రమట్టితో అలికాను. ఆరీ ఆరకముందే సున్నం కలిపి వెల్ల వేశాను. అంచుల వెంబడి ముగ్గు పెట్టాను. ఆ అర్రలో నల్లగా లేని వస్తువు అదొక్కటే. నా ముఖం నేను కడుక్కున్నట్టు అనిపించింది. బిడ్డను లేపి చూపించాను. అది వేలితో తాకి, వేలు చూసుకుని, "అమ్మా, నల్లగ కాలె!" అంది.

మా యారాలు పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చి చూసింది. "అబ్బ! పెండ్లిపిల్ల లెక్క ఉన్నది గదనే!" అంది. నేను సంతోషంగా చితుకులు తెచ్చి లోపల పేర్చబోయాను.

"ఏందే? ఏం జేస్తున్నవ్?"

"మంట పెట్టుమన్నడక్కా మేస్త్రి."

"కొత్త పొయ్యి ముట్టిచ్చుడు నీ పనా? ముత్తయిదువ పాలు పొంగిచ్చి ముట్టియ్యాలె. పెద్దసారు వస్తడంట, ఫోటో తీస్తరంట. సర్కారోళ్ల సొమ్మును వాళ్లు చూడకముందే మసి చేస్తె ఏమనుకుంటరు? సారు వచ్చిన్నాడు నేనే ముట్టిస్త. గప్పటిదాంక చెయ్యి పెట్టకు."

"ఎప్పుడొస్తడక్కా?"

"పది దినాలంట."

చితుకులు తీసి పాత పొయ్యిలో పెట్టాను. పాత పొయ్యికీ కొత్త పొయ్యికీ మధ్య జానెడు ఎడం. పొగలేని పొయ్యి పక్కన కూర్చుని పొగపొయ్యి మీద ఇరవై మందికి వండాను. పొద్దుగూకేసరికి వెల్ల మీద మసి పడింది. మర్నాడు మళ్లీ వెల్ల వేశాను. పది దినాలే కదా.

పది దినాలు నెలయింది. ఆ సారుకు బదిలీ అయిందన్నారు. కొత్త సారు ఇంకా రాలేదన్నారు. వచ్చాడన్నారు, కాగితాలు చూస్తున్నాడన్నారు. ఈ కబుర్లన్నీ మెస్సులో భోంచేసే గుంటూరు గుమాస్తా తెచ్చేవాడు. ఆయన పనిచేసే ఆఫీసులోనే పొయ్యిల ఫైలు ఉందట. మనిషి మంచివాడు, నోరు ఊరుకోదు. చేయి కడుక్కోవడానికి వాకిట్లోకి వచ్చి తలుపు దగ్గర ఆగి చెప్పేవాడు.

"అక్కయ్యగారూ, మీ పొయ్యి మా బల్ల మీదే కూర్చుందండీ. లేవమంటే లేవదు."

"ఎప్పుడు లేస్తది అన్నా?"

"ఏముందండీ, మార్చి రావాలి. మార్చి ఆఖరులోగా ఖర్చు రాయకపోతే డబ్బు వెనక్కి పోతుంది. అప్పుడు చూడండి, జీపులు ఎట్లా పరుగెత్తుతాయో. సర్కారులో ఏది కావాలన్నా మార్చి రావాలండీ."

బిడ్డ పిల్లికూతలు మార్చి కోసం ఆగవు. చలికాలం వచ్చాక తలుపు తీసి పడుకోవడానికి కూడా లేకుండాపోయింది. అది దిండు మీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోయేది. ఒక్కోసారి లేచి ఆ తెల్లని పొయ్యిని చూస్తూ, "ఎప్పుడు ముట్టిస్తవమ్మా?" అనేది. అది నా చేతిలో లేదని ఆరేళ్ల పిల్లకు ఎట్లా చెప్పాలి? ఇరవై మంది అన్నానికి పనికొచ్చిన నా చెయ్యి అగ్గికి పనికిరాలేదు. ఇప్పుడంటే అంటున్నాను. అప్పుడు ఈ మాట నా మనసులో కూడా రాలేదు. ముత్తయిదువే ముట్టించాలి అంటే అంతే కాబోలు అనుకున్నాను.

ఆ జనవరిలో నుమాయిష్, అంటే ఏటా మైదానంలో జరిగే ఎగ్జిబిషన్, మొదలయింది. మా ఇంటికి నడిచిపోయే దూరమే. బావగారు ఆ ఏడు మైదానంలో మిర్చిబజ్జీల దుకాణం పెట్టారు. పొద్దు తిరగ్గానే ఆయనా యారాలూ పిల్లలూ పోతే నుమాయిష్ మూసేదాకా రారు. రాత్రి మెస్సు నేనొక్కదాన్నే చూసుకోవాలి. మొదటి నాలుగు రోజులు ఊరికే ఉన్నాను. అయిదో రోజు సాయంత్రం బిడ్డకు దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి పెదవులు నీలంగా తిరిగాయి. వీపు రాస్తూనే ఉన్నాను, అది చేత్తో ఆ పొయ్యి వైపు చూపించింది.

లేచి మూడు గిన్నెలూ మూడు బొక్కల మీద పెట్టాను. పాలు లేవు, పొంగించలేదు. దేవుడికి దండం కూడా పెట్టలేదు, పెడితే చెయ్యి ఆగిపోతుందేమో అని. అగ్గిపుల్ల గీశాను.

ముందు పచ్చి మట్టి వాసన వచ్చింది. కొంచెం పొగ నా ముఖం వైపు వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, లోపలికి పోయింది. గొట్టంలో గుయ్యిమని చప్పుడు. వాకిట్లోకి పరుగెత్తి పైకి చూశాను. మిద్దె మీద సన్నగా, నీలంగా, పొగ పోతోంది. నా అర్రలో పొగ ఆకాశంలో ఉంది. లోపలికి వస్తే గోడలు కనిపించాయి. మూలన సాలెగూడు కూడా కనిపించింది, మూడేళ్లలో ఎన్నడూ చూడలేదు. బిడ్డ ఆ రాత్రి వెల్లకిలా పడుకుంది. నా బిడ్డ ఇక్కడ అడ్డుపడి, నాకదేమీ గుర్తులేదు అంటోంది. నీకెట్లా గుర్తుంటుంది, నిద్రపోయావు కదా.

నుమాయిష్ ఉన్నన్ని రోజులూ సాయంత్రం వంట దాని మీదే చేశాను. వాళ్లు వచ్చేలోపు మూడు బొక్కల చుట్టూ తుడిచి, కొబ్బరి చిప్పలో సున్నం కలిపి వెల్ల వేసేదాన్ని. వేడికి అది చిటికెలో ఆరిపోయేది. పొద్దున వంట మళ్లీ పాత పొయ్యి మీదే.

దొంగతనంలో పెద్ద కష్టం కట్టెలతో వచ్చింది. ఖాదీ చీర ఆమె చెప్పింది నిజమే, సగం కట్టెలు మిగిలిపోయేవి. మా యారాలు ప్రతి పొద్దునా కట్టెల కుప్ప చూసుకునే మనిషి. కుప్ప తగ్గకపోతే పట్టుబడతాను. ఏం చెయ్యాలి? మిగిలిన కట్టెలు తెల్లవారుజామున వాకిట్లో కాగు కింద పెట్టి తగలేశాను. రాత్రిళ్లు మెస్సులోనే పడుకునే గుమాస్తాలకు ఆ చలికాలమంతా పొగలు కక్కే వేడినీళ్లు. "అక్కయ్యగారికి మా మీద ఎంత దయ!" అని వాళ్లు. అడవులు మిగల్చడానికి సర్కారు పొయ్యి ఇస్తే, ఆ మిగిలిన అడవిని నేను వాళ్ల స్నానాలకు కాల్చాను.

ఒక ఆదివారం పొద్దున భోజనాల దగ్గర మా యారాలు వడ్డిస్తుంటే గుంటూరు గుమాస్తా చారు జుర్రి, కళ్లు మూసుకుని, పెద్దగా అన్నాడు.

"ఇదిగోనండీ, ఈ చారులో పొగ వాసన ఉంది. రాత్రి చారులో ఉండదు. నెల్లాళ్లుగా చూస్తున్నాను. రాత్రి చారు తాగితే మా అమ్మ గుర్తొస్తుంది, పగటి చారు తాగితే రైలింజను గుర్తొస్తుంది."

మిగతా వాళ్లంతా నవ్వారు. మా యారాలు గరిటె ఆపి తలుపు సందులోంచి నా వైపు చూసింది.

"రాత్రికి ఇంగువ ఎక్కువేస్తున్నక్కా" అన్నాను.

"ఏం పొదుపు లేదే నీకు" అని మళ్లీ వడ్డించింది.

నుమాయిష్ అయిపోయింది. వాళ్లు సాయంత్రాలు ఇంట్లోనే ఉన్నారు. పొయ్యి మళ్లీ చల్లబడింది, తెల్లగా కూర్చుంది. వారం తిరక్కుండా పిల్లికూతలు తిరిగి వచ్చాయి.

మార్చి ఆఖరి రోజున, గుమాస్తాలు ఆఫీసులకు పోయే ముందు భోంచేస్తున్న వేళ, జీపు వచ్చింది. సారు చిన్నవాడే, చొక్కా వీపున తడిసి అతుక్కుపోయి ఉంది. వెనక ఖాదీ చీర ఆమె. ఫోటో తీసేవాడు లేడు. మా యారాలు మేడ మీద నుంచి పట్టుచీర చుట్టుకుంటూనే దిగింది.

"కూసోండ్రి సారూ. ఒక్క నిమిషం. పాలు తెస్తున్న, ఇప్పుడే ముట్టిస్త."

సారు పొయ్యి వైపు చూశాడు. వేలితో వెల్లను తట్టాడు.

"ఇప్పుడు ముట్టించడం ఏమిటమ్మా? కట్టి అయిదు నెలలు అయింది. అంటే ఇన్నాళ్లూ వాడలేదా?"

"మీరు చూడకముందే ఎట్ల ముట్టిస్తం సారూ? మంచిగ జాగ్రత్త చేసినం. చూడుండ్రి ఎంత తెల్లగున్నదో!"

సారు ఖాదీ చీర ఆమె వైపు తిరిగాడు. "పొద్దున్నుంచి చూసినవన్నీ ఇంతే. వాడకంలో లేదు అని రాస్తున్నాను. సాయంత్రానికి కాగితం పోకపోతే ఈ సందుకొచ్చిన డబ్బు ఎట్లాగూ వెనక్కి పోతుంది. ఈ పొయ్యి కూడా లెక్కలోంచి తీసేయండి."

సారు కలం మూత తీశాడు. బావగారు గడప అవతల గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. బిడ్డ వాకిట్లో బండ మీద కూర్చుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. ఆ కాగితం మీద లేదు అని పడితే ఆ పొయ్యి ఇక ఎన్నటికీ వెలగదు. వెలిగిందని పడితే, సర్కారే వాడమన్నాక వీళ్లు ఎట్లా ఆపుతారు? అంతకంటే దూరం ఆలోచించలేదు.

బావగారి ముందు నేను నోరు విప్పకూడదు. విప్పలేదు. ముందుకు పోయి, గొట్టం అడుగున ఉన్న ఆ వదులు ఇటుకను పట్టుకుని గుంజాను.

మసి కుప్పగా కిందికి దూకింది. తెల్లని దిమ్మె మీద, ముగ్గు మీద, సారు బూట్ల మీద పడింది. మోచెయ్యి దాకా చెయ్యి లోపల పెట్టి ఇంకా తోడాను. నల్లటి చెయ్యి బయటికి తీసి ఆయన ముందు పట్టాను.

సారు ఒంగి చూశాడు. ఆ మసిని రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఆ పొద్దున మొదటిసారి కాబోలు, నవ్వాడు.

"ఇది ఒక్కరోజు మసి కాదే! ఎవరు వండుతున్నారు దీని మీద?"

నోరు విప్పక తప్పలేదు. "నేనే సారు."

"ఎట్లా ఉంది?"

అంతకు ముందు నన్ను ఎవరూ, ఏదీ, ఎట్లా ఉందని అడగలేదు. "కట్టెలు సగమే పడ్తయి. నా బిడ్డ పండుకుంటది" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. వాడకంలో ఉంది, బాగా పనిచేస్తోంది అని పైకి చదివాడు. కింద వేలిముద్ర వెయ్యమన్నాడు. సంతకం వస్తుందన్నాను. మా ఆయన నేర్పిన పేరు మసి చేత్తోనే రాశాను, ఆ కాగితం మీద బొటనవేలి నల్లమచ్చ కూడా పడింది. ఖాదీ చీర ఆమె నా భుజం తట్టింది. జీపు వెళ్లిపోయింది. గుంటూరు గుమాస్తా చెయ్యి కడుక్కోకుండా తలుపు దగ్గర నిలబడి, "ఇంగువన్నమాట" అని మెల్లగా అని తప్పుకున్నాడు.

మా యారాలు చేతిలో పాలగిన్నె అట్లాగే ఉంది.

"నా ఇంట్ల కొత్త పొయ్యి ముండమోపి చేత్తోని ముట్టిందా?"

నా బిడ్డ ఆ మాట రాయనంటోంది. రాయమన్నాను. అన్న మాట అన్నట్టే ఉండాలి. ఒక్కటి మాత్రం చెప్పాలి. అప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు, భయం ఉంది. చూపు నా మీద లేదు, బావగారి మీద ఉంది. తమ్ముణ్ని తీసుకుపోయిన జ్వరం అన్న కోసం వస్తుందేమో అని వెతుకుతున్నట్టు చూసింది. "నా పసుపుకుంకుమలకు ఏమన్నయితె?" అంది. ఎవరినీ కాదు, ఊరికే అంది. అది ఆయన ప్రాణం మీద మాట. ఆయన గోడ వైపు తిరిగి ఉండిపోయారు.

ఆ మధ్యాహ్నమే మూడు బొక్కల్లో ఇసుక పోయించింది. పొయ్యి నోటికి ఇటుకలు అడ్డం పెట్టి మట్టి మెత్తించింది. పైన షాబాదు బండ పరిపించింది. దాని మీద తాగేనీళ్ల బిందెలు పెట్టించింది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. వాడకంలో ఉందని సర్కారు కాగితంలో ఉంది, అక్కడ బిందెలు ఉన్నాయి. నేను పాత పొయ్యి ముందుకు జరిగాను.

ఆ వేసవిలో సందంతా మేస్త్రి మట్టి పిసికాడు. నా మసి మీద మంజూరైన పదకొండు పొయ్యిలు. మా యారాలు మిద్దె ఎక్కి చూసి, "అందరిండ్లకు వచ్చినయి" అంది, మేమే ఇప్పించినట్టు.

జూన్ వచ్చింది. బావగారు ఒక సాయంత్రం గడప దగ్గరకు వచ్చి నిలబడ్డారు. నేను చారులో తాలింపు వేస్తున్నాను. బిడ్డ తలుపు పక్కన కూర్చుని ఉంది.

"బిడ్డా" అన్నారు. ఆగారు. "మీ అమ్మకు జెప్పు. ఎల్లుండి సోమారం... నిన్ను హాస్టల్‌కు పంపుతున్నమని."

అది నా వైపు తిరిగింది. ఎప్పుడూ తిరిగినట్టే తిరిగింది. "అమ్మా, ఎల్లుండి సోమారం నిన్ను..." అని, సర్దుకుని, "నన్ను... హాస్టల్‌కు పంపుతున్నరంట" అంది. అన్నాక, చెప్పింది తన సంగతేనని దానికి తెలిసింది. బావగారు అది చెప్పేదాకా ఉన్నారు, చెప్పగానే వెళ్లిపోయారు. చారు పొంగి పొయ్యి ఆరిపోయింది.

సోమవారం దాన్ని చెయ్యి పట్టుకుని నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిపించాను. రేకు పెట్టె నా నెత్తిన. తోవ పొడుగునా ఒక్క ప్రశ్నే. "గాడ పొగ ఉంటదా అమ్మా?" ఉండదన్నాను. "గాడ వంట ఎవరు జేస్తరు?" తెలియదన్నాను. హాస్టల్ తలుపు దగ్గర ఖాదీ చీర ఆమె నిలబడి ఉంది. ఇరవై మందికి రాత్రి వంట ఉంది, నేను వెంటనే తిరిగి వచ్చేశాను.

నెల తిరిగేసరికి పిల్లికూతలు పోయాయట. అక్షరాలు వచ్చాయి. ఆదివారం ఆదివారం వచ్చేది. వంటర్రలోకి రానిచ్చేదాన్ని కాదు, సందులోనే నిలబెట్టి మాట్లాడేదాన్ని. అది తలెత్తి మిద్దెల మీద గొట్టాలు లెక్కపెట్టేది. పొగ వస్తున్నవి ఎన్ని, రానివి ఎన్ని.

"ఇయ్యాల ఏడు అమ్మా. మనది ఎప్పుడు?"

"మార్చి రానియ్యి బిడ్డా" అన్నాను.

అది నవ్వింది. లోపలినుంచి యారాలు పిలిచింది. వెళ్లేసరికి బావగారు గడప అవతల నిలబడి ఉన్నారు. ఏదో చెప్పాలని వచ్చారు. తలుపు పక్కన బిడ్డ కూర్చునే చోటు చూశారు. అది సందులో గొట్టాలు లెక్కపెడుతోంది. ఆయన మెల్లగా వెల్లపొయ్యి మీది నీళ్ల బిందెల వైపు తిరిగారు.

"రేపు ముగ్గురెక్కువ వస్తున్నరని జెప్పు" అన్నారు.

బిందెలు పలకలేదు. ఆయన కదల్లేదు. నేను ముగ్గురికి బియ్యం ఎక్కువ కొలిచి చాటలో పోశాక, ఆ చప్పుడు విని, వెళ్లిపోయారు.